రెండో పేజీ

జూలై 7

తాతయ్యకు నమస్కారం.

ఈ సంగతులన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో నీకు సగం వినపడదు, మిగతా సగం నన్ను చెప్పనివ్వవు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడలేవు. అందుకే కాగితాలు కొన్నాను.

ముందు మంచి వార్త. గెలిచాను. మా కాలేజీ విద్యార్థి సంఘానికి ఈ ఏడాది అధ్యక్షురాలు నీ మనవరాలే. అమ్మ "చదువు చెడగొట్టుకోకు" అంది. నాన్న "మీ తాతయ్య బుద్ధులొచ్చాయి" అన్నాడు. అది తిట్టో మెప్పో అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇక్కడ గెలిచినవాళ్ళని ఊరికే వదలరు. శనివారం మధ్యాహ్నం సంఘం వాళ్ళందరం లాబ్ పక్క గదిలో గుండ్రంగా కూర్చోవాలి. మధ్యలో ఒక కుర్చీ. వారానికొకరు అందులో కూర్చుంటారు. ఆ వారం ఆ మనిషి ఏం చేసిందో మిగతావాళ్ళు చెబుతారు. చూసింది, విన్నది మాత్రమే చెప్పాలి. మంచి, చెడ్డ అనే మాటలు వాడకూడదు. కుర్చీలో ఉన్నవాళ్ళు నోరు తెరవకూడదు. వారమంతా ఆలోచించి ఒక పేజీ రాసుకొచ్చి, మళ్ళీ శనివారం చదవాలి. దీన్ని నడిపేది మా మేడం. రేపో మాపో రిటైర్ అవుతుంది, గొంతు చాలా సన్నం. "జనాన్ని నడిపించే ముందు మీరెలా నడుస్తున్నారో చూసుకోండి" అంటుంది. వచ్చే శనివారం నా వంతు.

ఇక అసలు సంగతి. రీడింగ్ రూమ్‌ని సాయంత్రం ఆరింటికే మూసేస్తామని ప్రిన్సిపాల్ నోటీసు పెట్టాడు, సిబ్బంది లేరట. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చదువుకునేవాళ్ళకి అదొక్కటే దిక్కు. నిన్న సమావేశంలో వాళ్ళ ప్రతినిధి లేచాడు. బేకరీలో పనిచేస్తాడు, మాట మాటకీ మధ్య ఒక బస్సు వెళ్ళిపోతుంది, అందుకే అతన్ని అందరూ నిదానం అంటారు. "ఆరు తర్వాత మేము..." అని ఆగాడు. నేనందుకున్నాను. "ఆరు తర్వాత తలుపు మూయనివ్వం. మూస్తే పరీక్షలు రాయం." హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్ మొహం నువ్వు చూడాల్సింది.

(పేజీ తిప్పు తాతయ్యా.)

చప్పట్లు ఆగాక నిదానం ఇంకా నిలబడే ఉన్నాడు. నా వైపు చూసి, కూర్చున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో తేడా జరిగింది, అదేమిటో ముందు నేను తెలుసుకోవాలి. కాబట్టి ఒక్క మాట, దయచేసి ఇందులో దిగొద్దు. ప్రిన్సిపాల్‌కి గానీ ఇంకెవరికి గానీ ఉత్తరం రాయొద్దు. నీ చెయ్యి ఊరుకోదని తెలిసే రాస్తున్నాను.

నీ పిడుగు


జూలై 10

పిడుగుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం పొద్దున కింది దర్జీ పైకి తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా జవాబు రాస్తున్నాను. మీ నాన్న ఉత్తరాలకి నేనింత తొందరపడనని అతనికి తెలియజెయ్యి.

పరీక్షలు రాయం అన్నావు చూడు, అదీ మాట. ఇరవై ఏళ్ళు ఉపాధ్యాయ సంఘం నడిపినవాడిగా చెబుతున్నాను. జనం తమకేం కావాలో తాము చెప్పలేరు. నసుగుతారు, నీళ్ళు నములుతారు. నోటి చివరిదాకా వచ్చిన మాటని పట్టి లాగేవాడే నాయకుడు. నీకది ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మీ నాన్నకు రాలేదు. అతని వాక్యాలు నేను పూర్తి చేస్తుంటే ఇల్లు వదిలి ఉద్యోగం చూసుకున్నాడు.

ఆ శనివారం తతంగం మాత్రం నాకు వాసన తెలుసు. నేను చదివిన జీవిత చరిత్రలన్నిట్లోనూ నాయకుడు ఎక్కడో ఒకచోట గది తలుపేసుకుని తన్ను తాను పరీక్షించుకుంటాడు. తలుపు తీసి చూసేసరికి పక్కవాడు అధికారంలో ఉంటాడు. మీరు అద్దంలో మొహాలు చూసుకుంటూ ఉంటే వాళ్ళు అవతల తాళాలు వేసుకుంటారు. సొంత లోపాలు వెతుక్కునేవాళ్ళకి ఎదుటివాళ్ళ లోపాలు వెతికే తీరిక ఉండదు, యాజమాన్యాలకి కావలసింది అదే. అయినా కూర్చోమంటే కూర్చో. చివర్లో కాస్త గొంతు వణికించు. సన్న గొంతు మేడమ్‌లు దానికి కరిగిపోతారు.

ఇవాళే మీ ప్రిన్సిపాల్‌కి రెండు పేజీల ఉత్తరం పోస్టు చేశాను. మాజీ అధ్యక్షుడి హోదాలో. పరీక్షల బహిష్కారం విద్యార్థుల జన్మహక్కని నిరూపించి, ఆత్మపరిశీలన పేరుతో నాయకుల కోరలు పీకే శనివారపు వైద్యం గురించి కూడా రెండు వాతలు పెట్టాను. చదివితే అతనికి మూడు రోజులు నిద్ర పట్టదు.

దర్జీ కుట్టు మిషన్ చప్పుడికి నాకూ పట్టడం లేదు. ఎవరి పెళ్ళికో గానీ రోజూ కోట్లు కుడుతున్నాడు.

మీ తాతయ్య


జూలై 17

తాతయ్యా,

రాయొద్దన్నాను. రెండో పేజీలో, గీత గీసి మరీ.

నీ ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ స్టాఫ్ సమావేశంలో పైకి చదివాడట. "బయటివాళ్ళ ప్రోద్బలంతో పరీక్షలు ఆపుతామంటున్నారు" అని ఆరింటి తాళాన్ని ఐదున్నరకి జరిపాడు. నిద్ర సంగతి తెలియదు, మనిషి మాత్రం బానే ఉన్నాడు.

అంతకన్నా పెద్దది ఇంకొకటి. ఉద్యోగాలు చేసే విద్యార్థులంతా సంఘంలోంచి వెళ్ళిపోయారు. పరీక్షలు ఒక్కసారి తప్పితే వాళ్ళకి మళ్ళీ సెలవు దొరకదు, ఉద్యోగం పోతుంది. వాళ్ళు చెయ్యలేని బెదిరింపుని వాళ్ళ పేరు మీద నేను చేశాను. నన్ను దించేయాలని నిదానం సంతకాలు పోగుచేశాడు. నాతో ఒక్క ముక్క చెప్పకుండా. ఆ కోపం నాకుంది, ఆ సంగతి దాచను.

శనివారం కుర్చీలో కూర్చున్నాను. మా కార్యదర్శి మొదలుపెట్టింది. "సోమవారం క్యాంటీన్‌లో నేను 'ఈ పోస్టర్లు...' అన్నాను. తను 'రేపే అతికించేద్దాం' అని లేచి వెళ్ళింది. వాటిలో తేదీ తప్పు పడిందని చెప్పబోయాను." తర్వాత ఇంకో అమ్మాయి. "నాకు జ్వరంగా ఉంది, మంగళవారం మీటింగుకి... అన్నాను. 'ఆలస్యంగా వస్తావు, సరే' అంది. నేను వెళ్ళాను. మూడు దుప్పట్లు కప్పుకోవాల్సినదాన్ని, మినిట్స్ రాశాను." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు కదా.

మెల్లగా నవ్వు తగ్గింది. ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు, వేరే వేరే రోజుల పేర్లతో. జవాబు చెప్పనివ్వకపోతే చెవులు ఎంత పెద్దవవుతాయో నీకు తెలుసా? నాకు తెలియదు ఇంతవరకు.

లేచి వస్తుంటే మేడం ఆపింది. నీ ఉత్తరం నకలు ఆమె చేతిలో ఉంది. సంతకం మీద వేలు పెట్టి "ఈయన నీకేమవుతారు?" అంది. తాతయ్యన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అలాగా" అంది. అంతే.

ఆవిడ నీకు తెలుసా?

నీ పిడుగు


జూలై 21

పిడుగూ,

రెండో పేజీ రెండో పేజీ అని గోల చేస్తున్నావు. కవరులో చూస్తే నిజంగానే ఉంది. చదవలేదు. ఇందులో దాపరికమేముంది? యాభై ఏళ్ళుగా చదువుతున్న మనిషిని. నవలైనా చరిత్రైనా సగం దగ్గర మూసేస్తాను. మిగతా సగం రచయిత కన్నా ముందే నాకు తెలిసిపోతుంది. నా గదికొచ్చి చూడు, ప్రతి పుస్తకానికీ గుర్తు ముక్క సరిగ్గా నడుము దగ్గరే ఉంటుంది. మొదటి అధ్యాయంలో వంటగదిలో గొడవ పెట్టినవాడు చివరి అధ్యాయంలో ఎవరిని ఏడిపిస్తాడో తెలుసుకోవడానికి మూడొందల పేజీలు కావాలా?

ఉత్తరం రాసింది రాశాను. చేసినదానికి నీళ్ళు నమలడం మన వంశంలో లేదు.

ఇప్పుడు ఆ బేకరీ అబ్బాయి సంగతి. తాను దూర కంత లేదు, మెడకో డోలు. రెండు మాటలు కలపలేనివాడు నిన్ను దించుతాడా? వెంటనే దెబ్బ కొట్టు. అతను సంతకాలు పోగుచేసిన విధానంలో తప్పులుంటాయి, ఎప్పుడూ ఉంటాయి. వెతికి బయటపెట్టు. సభలో అతన్ని మాట్లాడమని పిలువు. ఎంత నానుస్తాడో జనమే చూస్తారు. అడక్కుండానే నీకు ఓట్లు పడతాయి. కుర్చీలో కూర్చోబెట్టి నీ చేత నోరు మూయించిన ఆ మేడమ్‌కి అప్పుడు నోరు తెరిచి చూపించు.

ఆవిడ ఎవరో నాకెలా తెలుస్తుంది? నా కాలంలో అలాంటివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. దూది లాంటి మనుషులు. ముట్టుకుంటే మెత్తగా ఉంటారు, చెవిలో పెడితే ఏమీ వినపడదు.

మీ తాతయ్య


జూలై 27

తాతయ్యా,

నీ అలవాటు తెలిసింది కాబట్టి ఈసారి తలకిందులుగా రాస్తున్నాను. చివర రాయాల్సింది ముందు.

మేడమ్‌ని నేనే అడిగాను. ఇక్కడికి రాకముందు ఆవిడ మీ సంఘంలో సభ్యురాలు. నువ్వు అధ్యక్షుడిగా ఉన్న ఆఖరి సభలో ఆవిడ లేచింది. ఆవిడ మాటల్లోనే చెబుతాను. "మీ తాతయ్యగారి ముందు నేనొక వాక్యం మొదలుపెట్టాను. ఆయన పూర్తి చేశారు." ఆ వాక్యం ఏమిటని అడిగాను. చెప్పలేదు.

ఇదీ చివర రాయాల్సిన సంగతి. ఇక మొదలు.

నా పేజీ రాయడం రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటిసారి రాసిందంతా నిదానం ఎలా తప్పు చేశాడో. రెండోసారి నన్ను నేను ఎంత తిట్టుకున్నానంటే, చదివితే నాకే నామీద ముచ్చటేసింది. అదీ నాటకమే. గొంతు వణికించమన్నావే, కాగితం మీద కూడా వణికించొచ్చని తెలిసింది. మూడోసారి నా రూమ్మేట్‌ని కూర్చోబెట్టి, ఒక గంటసేపు నేను ఎవరి మాటకైనా అడ్డుపడితే బల్ల మీద కొట్టమన్నాను. పక్క గదివాళ్ళు వచ్చి "వడ్రంగి పనా?" అని అడిగారు. చివర్లో అది అంది, "నీతో ఉండీ ఉండీ నాకు సగం వాక్యాలే మాట్లాడటం అలవాటైపోయింది. ఇంటికెళ్తే అమ్మ 'తర్వాత?' అంటుంది. ఏం చెప్పాలో తోచదు." అది సరదాగానే అంది. ఆ మాటలే నా పేజీగా రాసి శనివారం చదివాను.

అందుకే బేకరీకి వెళ్ళాను. నిదానం బయటికొచ్చాడు, చేతులకి పిండి. "సంతకాలు వెనక్కి తీసుకోమనడానికి..." అన్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. "...వచ్చావనుకున్నా. కాదా?" అన్నాడు. కాదన్నాను. ఆ రోజు ఏం చెప్పబోయావని అడిగాను. "ఇప్పుడు నీకొక్కదానికీ చెబితే... ఏం లాభం. అందరి ముందు చెప్పబోయాను. అందరి ముందే... పోయింది" అని లోపలికెళ్ళిపోయాడు.

నాకు నీ సాయం కావాలి, ఒకే ఒక్కటి. వాళ్ళు నన్ను దించే సభ సెప్టెంబరులో పెడతారట. అప్పటికి పరీక్షలొచ్చేస్తాయి, రీడింగ్ రూమ్ పని అయిపోతుంది. ఆ సభ నేనే ముందు పిలవొచ్చా? నిబంధనలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు.

నీ పిడుగు


జూలై 31

పిడుగుకి,

మొదటి నాలుగు వాక్యాలకే నాకు విషయం అర్థమైంది. చాలు.

ఆవిడే. సన్నగా, అప్పుడే చేరిన కొత్త టీచరు. ఆ ఏడాది నెలల తరబడి పని ఆపి కూర్చున్నాం. జనం అలిసిపోయారు. నేను అలిసిపోలేదు. కోశాధికారి అప్పటికే అవతలివాళ్ళతో టీ తాగుతున్నాడు. ఉపాధ్యక్షుడికి రోజూ కడుపునొప్పే, నేను నిలబెట్టినవాడు, ఉద్యోగానికి నేనే నా చేత్తో దరఖాస్తు రాసిపెట్టినవాడు. వీళ్ళెవరూ నోరు విప్పలేదు. ఈ దూదిని లేపారు. "అధ్యక్షులవారు ఇక..." అంది. తర్వాత ఏముంటుంది? "దిగిపోవాలి, అంతేగా అమ్మా" అన్నాను. ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాను కూడా. ఒక్కడు వెనక నుంచి పిలవలేదు. అందులో ప్రతి మొహమూ నాకిప్పటికీ గుర్తు. కొందరు పోయారు. నేనేమీ చూడ్డానికి వెళ్ళలేదు.

ఆ మనిషి ఇప్పుడు పిల్లలకి ఆత్మపరిశీలన నేర్పుతుందా? నువ్వు ఆవిడ ముందు కూర్చుని నన్ను పరీక్షిస్తున్నావా? కందకు లేని దురద కత్తిపీటకెందుకో. నా పక్షమో ఆవిడ పక్షమో తేల్చుకో. అంతవరకు నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

మీ తాతయ్య

ఆగస్టు 1. కవరు అంటించడానికి జిగురు కోసం కిందికెళ్ళాను. దర్జీ అన్నాడు, "అమ్మాయిగారు కాగితానికి రెండు వైపులా రాస్తారు, మీరు ఒక వైపుకే జవాబిస్తారు. సగం స్టాంపు దండగ కదా సారూ." అతనికేం తెలుసు. అయినా పైకొచ్చి రెండో వైపు చూశాను. కోపం కోపమే, నిబంధన నిబంధనే. ఏ సంఘానికైనా సర్వసభ్య సమావేశం పిలిచే అధికారం అధ్యక్షుడికి ఉంటుంది. మీ నియమావళిలో "అధ్యక్ష అధికారాలు" అన్న చోట చూడు. వారం గడువిచ్చి నోటీసు గోడకి అంటించు. కారణం రాయాలి. "నా మీద అవిశ్వాసం" అని నీ చేత్తో నువ్వే రాసుకుంటావేమిటి అని ఎవరైనా నవ్వితే నవ్వనీ.


ఆగస్టు 5

తాతయ్యా,

నోటీసు అంటించాను. నువ్వు చెప్పినచోటే ఉంది, ఉన్నది ఉన్నట్టు. సభ పదమూడో తేదీన. ఆ పక్షం ఈ పక్షం అంటావు, నాకున్నది రీడింగ్ రూమ్ పక్షం ఒక్కటే. నీ మీద కోపం ఉంది. నిబంధన వెతికిచ్చినందుకు కృతజ్ఞత కూడా ఉంది. రెండూ ఒకే కవరులో పంపిస్తున్నాను.

నువ్వన్నది ఒకటి నిజమైంది. శనివారం మేము గుండ్రంగా కూర్చుని ఒకరి సంగతి ఒకరు చెప్పుకుంటున్నప్పుడే, మెట్ల కింద రీడింగ్ రూమ్‌కి కొత్త తాళం బిగించారు. సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది. మీరు అద్దం చూసుకుంటుంటే వాళ్ళు తాళాలేస్తారని తాతయ్య రాశాడని మేడమ్‌కి అక్కడే చెప్పాను. అందరూ బిత్తరపోయారు. ఆవిడ "అది నిజమే" అంది.

సభలో ఏం చెయ్యాలో నిర్ణయించుకున్నాను. వేదిక మీద మా శనివారం కుర్చీ వేయిస్తాను. అందులో కూర్చుంటాను. నిదానం తన వాక్యం పూర్తి చేస్తాడు. ఎంతసేపు పట్టినా సరే. అతను ముగించేదాకా నేను నోరు తెరవను.

నీ పిడుగు


ఆగస్టు 9

పిడుగూ,

ఆ పని చెయ్యకు. ఇది కోపంతో రాయడం లేదు.

ఓటింగు ఉన్న సభలో నోరు మూసుకుని కూర్చున్నవాడు గెలిచిన దాఖలా నేను చదివిన పుస్తకాల్లో లేదు. నీ శనివారం గదిలో ఉన్నవాళ్ళకి మౌనం అంటే ఆలోచన. హాల్లో ఉన్నవాళ్ళకి మౌనం అంటే తప్పు ఒప్పుకోవడం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. కుర్చీ ఎక్కావంటే పదవి పోయినట్టే. నీకు పదవి కావాలా అక్కర్లేదా? కావాలని నాకు తెలుసు. చిన్నప్పుడు బొమ్మల పెళ్ళిలో కూడా పెద్దరికం నీకే కావాలని ఏడ్చావు.

కూర్చునే తీరతావని కూడా తెలుసు. ఆ మొండితనం ఎక్కడిదో మీ నాన్నని అడగనక్కర్లేదు.

మీ తాతయ్య


ఆగస్టు 16

తాతయ్యా,

ఓడిపోయాను. కొద్దిలో. మొదటి పేజీ మొదటి మాటే ఇది, నీకు శ్రమ లేకుండా. మిగతాది చదువుతావో లేదో నీ ఇష్టం. నేను మాత్రం మొత్తం రాస్తాను.

కుర్చీ చూడగానే వెనక బెంచీల వాళ్ళు ఈలలేశారు. "అధ్యక్షురాలికి జుట్టు కత్తిరిస్తున్నారా?" అన్నాడొకడు. కూర్చున్నాను. ప్రిన్సిపాల్ ముందు వరసలో చేతులు కట్టుకుని ఉన్నాడు. నిదానం లేచాడు. "ఆరు తర్వాత మేము..." అని ఆగాడు, ఆ రోజు ఆగిన చోటే. నీకెలా చెప్పాలి? నా నాలుక దానంతటదే కదిలింది తాతయ్యా. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. ఎవరో దగ్గారు. ఎవరో "తెమలదురా బాబూ ఇది" అన్నారు. ఒకమ్మాయి నా వైపు చూసింది, నువ్వైనా చెప్పెయ్యి అన్నట్టు. మూత పగిలింది.

"...మేమే తెరిచి ఉంచుతాం" అన్నాడు.

పరీక్షల మాటే లేదు అందులో. రోజుకి ఇద్దరు చొప్పున వంతులేసుకుని వాళ్ళే గది చూసుకుంటారట, తాళంచెవి తీసుకుని, మూసేటప్పుడు వాచ్‌మన్‌కి అప్పజెప్పి. సిబ్బంది లేరనే కదా ప్రిన్సిపాల్ గొడవ, ఇక సిబ్బంది అక్కర్లేదు. నేను అడ్డుపడకపోయి ఉంటే ఆ రోజే అయిపోయేది. నేను అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుని దాంతో ప్రిన్సిపాల్ తల మీద కొట్టాను, అంతే.

అతను కూర్చున్నాక లేచాను. సంజాయిషీ చెప్పలేదు. ఒక్కటే అడిగాను, "పరీక్షల వారంలో మీరూ చదువుకోవాలి కదా, అప్పుడు ఎవరుంటారు?" నిదానం తల గోక్కున్నాడు. అది ఆలోచించలేదట. నా కోపం కూడా అప్పుడు కాస్త తగ్గింది, అతనూ అన్నీ ఆలోచించలేదు కాబట్టి. ఆ వారం హాస్టల్ వాళ్ళం చూసుకుంటామని ముందుగా చెయ్యెత్తింది నా రూమ్మేట్. మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడింది. ప్రిన్సిపాల్ నెల రోజులు చూద్దామన్నాడు. అతనికి వేరే దారి లేదు, అంతమంది ముందు.

తర్వాత ఓటింగు. నువ్వన్నట్టే జరిగింది. "పాపం మంచిదే, కానీ తప్పు తనే ఒప్పుకుంది కదా" అనుకుంటూ వేశారట. ఇప్పుడు మా కార్యదర్శి అధ్యక్షురాలు. ఏడవలేదని చెప్పను. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. పదవి నాకు కావాలి. వచ్చే ఏడాది మళ్ళీ నిలబడతాను. ఈ సంగతి మేడమ్‌కి చెబితే "నిలబడు" అంది.

నాకు మంగళవారం డ్యూటీ వేశారు, నిదానంతో. మొన్న తాళం తీసింది నేనే. అతను లైట్లు వేస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను వింటూ కిటికీలన్నీ తెరిచాను. కిటికీలు అయిపోయాయి, వాక్యం కాలేదు. కుర్చీలు సర్దాను. అప్పటికి అయింది. కిటికీల బోల్టులకి నూనె పెట్టాలట.

శనివారాలు ఇకనుంచి రీడింగ్ రూమ్‌లోనే పెడతామంది మేడం. నీ మాట విన్నాకట. అద్దం చూసుకుంటూనే తాళం మీద కన్నుంచొచ్చు కదా అంది.

ఆఖరున ఒకటి. ఆ రోజు సభలో నువ్వు ఆపిన వాక్యం ఏమిటని మళ్ళీ అడిగాను. "నువ్వడిగితే చెప్పను. ఆయన అడిగితే చెబుతాను. దిగిపొమ్మని మాత్రం కాదు" అంది.

నీ పిడుగు


ఆగస్టు 21

పిడుగుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. నాలుగూ చదివాను. మెచ్చుకోకు.

ఓడిపోతావని నేను ముందే చెప్పాను, ఓడిపోయావు. అందులో నాకు కొత్తేమీ లేదు. ఓటింగు దగ్గర కాగితం పక్కన పెట్టబోయాను కూడా. తర్వాత ఏముంటుంది, ఏడుపు, ఓదార్పు, అమ్మ చేతి ముద్ద. కానీ దర్జీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, కోటు గుండీలు కుడుతూ. "అయిపోయిందా సారూ?" అన్నాడు. లేదన్నాను. మంగళవారం డ్యూటీ సంగతి నాకు తట్టలేదు. ఓడినవాళ్ళు సాయంత్రం కుర్చీలు సర్దుతారని, తమను ఓడించినవాడి పక్కన నిలబడి, ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. రెండో సగాల్లో ఉండి ఉంటుంది.

వచ్చే ఏడాది నిలబడు. నిలబడాలి. కార్యదర్శి ఎలా పనిచేస్తుందో ఇప్పటినుంచి చూసి ఉంచుకో. ఓట్లు అడిగేటప్పుడు మాత్రం నోరు తెరువు. మౌనానికి ఓట్లు పడవన్న మాట నేనింకా వెనక్కి తీసుకోలేదు.

కోశాధికారిని క్షమించలేదు. ఉపాధ్యక్షుణ్ణి అంతకన్నా లేదు. నేను మారానని మీ నాన్నతో అన్నావంటే ఊరుకోను.

ఈ కాగితం అడుగున ఒక వాక్యం రాస్తున్నాను. శనివారం మీ మేడమ్‌కి చూపించు. నువ్వు పక్కన నిలబడి చదవొద్దు. ఆవిడ చేతిరాత పెద్దదో చిన్నదో నాకు తెలియదు కాబట్టి మిగతా పేజీ అంతా వదిలేస్తున్నాను. చాలకపోతే వెనక కూడా ఖాళీయే. తిప్పి చూస్తాను.

మీ తాతయ్య


"అధ్యక్షులవారు ఇక